సైతాను పేరు వింటేనే పరిశోధన ఆపేస్తారా?

బెంగళూరులోని ఒక పేరున్న కళాశాల సమాజశాస్త్ర విద్యార్థి పరిశోధనాంశాన్ని రాత్రికి రాత్రి రద్దు చేసింది. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఆ తెలుగు విద్యార్థి ఎంచుకున్న అంశం, పాశ్చాత్య దేశాల్లో సైతాను పేరిట వెలసిన మతసంస్థలు. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. మర్నాడు నోటీసు బోర్డు మీద, ఆ అంశంపై జరగాల్సిన సదస్సు ప్రకటన చించేసి ఉంది. ‘మతభావాల దృష్ట్యా రద్దు’ అన్న ఒక్క వాక్యం తప్ప రాతపూర్వక వివరణ లేదు. పర్యవేక్షకుడైన ఆచార్యుణ్నీ అడగలేదు.

తల్లిదండ్రుల ఆందోళన, ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాల నొప్పి, మాకు అర్థమవుతుంది. కానీ చదవడమంటే నమ్మడమేనని ఒక కళాశాలే తీర్మానిస్తే ఎలా?

అసలు ఆ విద్యార్థి తెలుసుకోబోయేది ఏమిటి? 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే స్థాపించిన చర్చ్ ఆఫ్ సేటన్‌కు సైతాను దేవుడు కాదు, వ్యక్తి స్వేచ్ఛకు ప్రతీక. 1975లో దాని నుంచి చీలిన టెంపుల్ ఆఫ్ సెట్ మాత్రం ప్రాచీన ఈజిప్టు దేవుడు సెట్ నిజంగా ఉన్నాడంది. 2010 తర్వాత పుట్టిన సేటనిక్ టెంపుల్ ఏ దైవాన్నీ నమ్మదు. అయినా 2019లో అమెరికా పన్నుల శాఖ దాన్ని చర్చిగా గుర్తించింది. గురువు, గ్రంథం, క్రతువు, చీలిక, చివరికి ప్రభుత్వ ముద్ర: ఒక మతం ఎలా రూపుదిద్దుకుంటుందో ఇంత దగ్గరగా చూసే అవకాశం సమాజశాస్త్రానికి అరుదుగా దొరుకుతుంది. ఏది మతం, ఏది అందులో తప్పనిసరి ఆచారం అన్న ప్రశ్న మనకూ కొత్త కాదు. ఉడుపి శిరూరు మఠం కేసులో 1954లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి అది నలుగుతూనే ఉంది.

చదవకుండా భయపడితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూసింది. 1983లో మెక్‌మార్టిన్ శిశు పాఠశాలలో పిల్లలపై లైంగిక దాడులు జరిగాయని ఆరోపణలు వచ్చాయి. పసిపిల్లలను గుచ్చిగుచ్చి అడిగి జవాబులు రాబట్టారు. సైతాను పూజలన్నారు, బడి కింద సొరంగాలన్నారు. 1990లో కేసు ముగిసేసరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. అప్పటికే ఒక నిందితుడు ఐదేళ్లు జైల్లో మగ్గాడు. ఇలాంటి ఆరోపణలను బ్రిటన్ ప్రభుత్వం కోసం పరిశీలించిన మానవశాస్త్రవేత్త జీన్ లా ఫాంటేన్, సైతాను ఆరాధనకు ఆధారాలు లేవని 1994లో తేల్చారు. వదంతిని నిలదీసింది అధ్యయనమే. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు అచ్చువేసిన తెలుగు పత్రికగా మేము దీన్ని తేలిగ్గా తీసుకోలేము.

ఈ రద్దు ఇక్కడితో ఆగదు. రేపు బాణామతి మీద పరిశోధన చేస్తామంటే మూఢనమ్మకాన్ని ప్రోత్సహిస్తున్నారంటారు. జోగిని దురాచారం గురించి రాస్తామంటే ఊరి పరువు తీస్తున్నారంటారు. కులం జోలికి వెళ్తే సరేసరి. ఒక్క ఫిర్యాదుతో ఒక అంశం పోతుందని తెలిశాక ఫిర్యాదులకు కొదవ ఉంటుందా? కర్ణాటక 2017లో తెచ్చిన దురాచారాల నిషేధ చట్టం కూడా హాని చేసే ఆచరణనే నిషేధించింది, ఆ ఆచరణ గురించి చదవడాన్ని కాదు.

యాజమాన్యం ఆ రద్దును వెంటనే వెనక్కి తీసుకోవాలి. అభ్యంతరం ఉన్నవారిని సదస్సుకు పిలిచి, వారి ప్రశ్నలు వారినే అడగనివ్వాలి. సహోద్యోగికి అండగా ఒక్క మాట మాట్లాడని అధ్యాపకులు సిగ్గుపడాలి. లక్షల్లో ఫీజులు తీసుకుని, కారణం కాగితం మీద పెట్టే ధైర్యం కూడా లేని కళాశాలకు పరిశోధన కేంద్రమని చెప్పుకునే అర్హత లేదు.