చిగురు కింద పొట్టు, చేతిలో మాత్రల షీటు

ఏడాదిలో ఇది మూడోసారి. కుడివైపు కింద, చివరి దవడపన్ను వెనకాల చిగురు బూరెలా ఉబ్బింది. గుటక వేస్తే చెవిదాకా పోటు. ఇడ్లీ కూడా ఎడమ పక్కకి తోసుకుని నమలాలి. "జ్ఞానదంతంరా, ఇప్పటికైనా బుద్ధొస్తుందేమో" అని మా పిన్ని ఒకటే నవ్వు.

మొదటి రెండుసార్లూ అందరూ చేసేదే నేనూ చేశాను. విశాఖ మద్దిలపాలెంలో బస్సు దిగి, బుగ్గ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడ్డాను. షాపతను నోరు తెరవమని కూడా అనలేదు. ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర కత్తెరతో కత్తిరించి, "మూడు రోజులు వేసుకోండి సార్, లాగేస్తుంది" అన్నాడు. లాగేసింది కూడా. నా మంట అంతా అక్కడే! తగ్గింది కాబట్టే డాక్టర్ దగ్గరికి పోలేదు. ఫీజు భయం కూడా ఉందిలెండి.

మొన్న గురువారం ఇక పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఎక్స్‌రేలో చూస్తే పన్ను ముందుకి వాలిపోయి, సగమే బయటికొచ్చింది. మిగతా సగం మీద చిగురు మూతలా కప్పుకుంది. ఆ సందులోకి బ్రష్ పోదు, తిన్నది మాత్రం పోతుంది. డాక్టరమ్మ సిరంజితో సెలైన్ కొట్టి కడిగితే ఎర్రటి వేరుశెనగ పొట్టు బయటికొచ్చింది. ఆదివారం ఆర్కే బీచ్‌లో తిన్న మురీ మిక్చర్‌ది! పైగా ఉబ్బిన ఆ చిగురునే పైపన్ను కొరుకుతోందట. సగం వచ్చిన పన్ను చుట్టూ చిగురు ఇలా వాచడాన్ని పెరికొరొనైటిస్ అంటారట.

ఆ పొట్టుని ఏ మాత్ర బయటికి లాగుతుంది? జ్వరం లేదు, వాపు పాకలేదు కాబట్టి ఈసారి యాంటీబయాటిక్ అక్కర్లేదంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, మెత్తటి చిన్న బ్రష్, అంతే. వాపు తగ్గాక పన్ను తీసేద్దామంది. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, దవడ కింద వాపు దిగినా అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ పెద్దాసుపత్రికి పరుగెత్తాలట.

ఆఫీసులో ఒకాయన ఆస్పిరిన్ నూరి చిగురుకి అద్దమన్నాడు. పొరపాటున కూడా చేయకండి, చిగురు కాలిపోతుంది. అమ్మ పెట్టిన లవంగం మాత్రం కాసేపు తిమ్మిరెక్కించింది, కాదనను.

నిన్న మౌత్‌వాష్ కోసం అదే షాపుకి వెళ్లాను. నన్ను చూడగానే కత్తెర అందుకున్నాడు.