ప్రాక్టికల్ రికార్డు గారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ ప్రాక్టికల్ రికార్డు గారి దివ్యసముఖమునకు, నర్సరీ టీచర్ ట్రైనింగు విద్యార్థిని అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

చాలు. ఇంతకు మించి ఇలా రాయడం నా వల్ల కాదు, రాస్తే మా ఊరి పరువు పోతుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే రాయండిరా అని జీవితమంతా పండితులతో పోట్లాడిన మనిషి. కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ఖాళీ ఎప్పుడు కనిపెట్టారో గానీ, తమరు వచ్చి కూర్చున్నారు. అదీ సగం ఇంగ్లీషులో. ‘ది చైల్డ్ విల్ బి ఏబుల్ టు’ అని.

మీతో నాకు పరిచయమై ఐదు నెలలు. ఎడమ పేజీ తెల్లది, బొమ్మలకి. కుడి పేజీ గీతలది, అబద్ధాలకి. తేదీ, పాఠ్యాంశం, లక్ష్యం, ఉపకరణాలు, ఉన్ముఖీకరణం, కృత్యం, మూల్యాంకనం, పరిశీలన, సూపర్‌వైజర్ సంతకం. ‘ఉన్ముఖీకరణం’ అంటే ఏమిటని మా అమ్మ అడిగింది. పిల్లల్ని ఇటు తిప్పుకోవడం అన్నాను. "దానికి అంత పేరెందుకే, ఒక బెల్లం ముక్క చూపిస్తే సరి" అంది. అది రాస్తే మార్కులు వెయ్యరు. బెల్లం ముక్క ఉపకరణాల జాబితాలో లేదు.

నాకు ప్రాక్టికల్స్ పడింది ఊరి చివర అంగన్‌వాడీలో. ఇంకో రెండడుగులేస్తే పాతపట్నం, ఆంధ్రా. పందొమ్మిది మంది పిల్లలు. దీదీ, అంటే అంగన్‌వాడీ టీచరు, ఒడియాలో పాట ఎత్తుకుంటుంది. పిల్లలు తెలుగులో కొట్టుకుని, ఒడియాలో ఫిర్యాదు చేస్తారు. ఏ పని ఏ భాషలో చెయ్యాలో వాళ్లకి బాగా తెలుసు. కొండ దిగి వచ్చిన సవర కుటుంబం పిల్ల ఒకతి ఉంది, ఇంకా ఏ భాషలోనూ ఫిర్యాదు మొదలుపెట్టలేదు. గోడవారన కూర్చుని తనలో తను ఏదో చెప్పుకుంటుంది. ‘బోధనా మాధ్యమం’ అన్న గడిలో నేనేం రాయాలండీ? ‘ఇంగ్లీష్’ అని రాశాను. సీనియర్లందరూ అదే రాశారట.

ఉపకరణాల సంగతికొస్తే, మీకు థర్మోకోల్ అంటే ప్రాణం. మా ఊళ్లో కొమ్ముతో కొంగలు చెక్కే పనివాళ్లున్నారు, ఎక్కడెక్కడి వాళ్లో కొనుక్కుపోతారు. నేను మాత్రం బస్టాండు దగ్గర షాపులో నలభై రూపాయలకి థర్మోకోల్ షీటు కొని, దాని మీద కొంగ బొమ్మ గీసి, కత్తిరించి, మెరుపులు అద్దాను. పిల్లలు దాన్ని చూసి ‘కోడి’ అన్నారు. తప్పు వాళ్లది కాదు.

సంఖ్యల వారం గురించి చెప్పాలి. లక్ష్యం: పిల్లలు ఒకటి నుంచి ఐదు వరకు లెక్కించగలరు. ఉపకరణం: చింతపిక్కలు, ఇరవై ఐదు. నేను పిక్కలు పరిచేలోపు ఐదేళ్ల పిల్ల ఒకతి గుప్పిట విప్పింది. అందులో నాలుగు పిక్కలు, ఒక పక్క రాయి మీద అరగదీసి తెల్లగా చేసినవి. వాళ్ల అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడే పిక్కలు. ఊది, నేల మీద వేసింది. నాలుగూ నల్లగా పడ్డాయి.

"ఎన్నమ్మా?" అన్నాను.

"ఎనిమిది."

"నాలుగే కదా ఉన్నాయి?"

నా వైపు జాలిగా చూసింది. "అష్టా, టీచర్" అంది, తెలియని వాళ్లకి నెమ్మదిగా చెప్పినట్టు.

మళ్లీ వేసింది. రెండు తెలుపు. "రెండు" అని, నేల మీద లేని గళ్లలో వేలు రెండిళ్లు జరిపింది. తెల్లవే లెక్కకొస్తాయి, ఒక్కటీ తెల్లగా పడకపోతే ఎనిమిది. ఇంత సంగతి చేతిలో పట్టుకు తిరుగుతోంది ఆ పిల్ల. మీ మూల్యాంకనం గడిలో ప్రశ్న ఏమిటంటే, ‘నాలుగు వస్తువులు చూపగా నాలుగు అని చెప్పెనా?’ చెప్పలేదు. ఎనిమిది అంది. మీ లెక్కన ఆ పిల్ల ఫెయిలు. నేను భయపడి ‘చెప్పెను’ అని రాసేశాను.

2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు పెట్టొద్దంది. ఆడుకుంటుంటే చూసి తెలుసుకోండి అంది. మంచి మాట. పిల్లల దగ్గర మిగిలిపోయిన పరీక్షలన్నీ మూటగట్టి మాకు పెట్టినట్టున్నారు. చూడటం కూడా మాకొక సబ్జెక్టే, ఇరవై మార్కులు. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ గారు, పిల్లలు బడికి రాలేకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. ఆ విషయం మీ నాలుగో పేజీలో ఉంది, రెండు రంగుల ఇంకుతో, చుట్టూ పువ్వుల బోర్డరుతో. అది గీస్తూ కూర్చున్న పూట పిల్లలు ముంగిట్లోనే ఉన్నారు. నేనే లోపల ఉన్నాను.

మీ అసలు దర్శనం సూపర్‌వైజర్ మేడమ్ వచ్చే రోజున. పదకొండూ నలభైకి ఆటో ఆగుతుంది, ఇంజను ఆపరు. ఆవిడనీ అనకూడదు లెండి. ముప్ఫై మందికి పైగా విద్యార్థులు, ఊరికొకరు, చేతిలో ఆవిడ నింపాల్సిన రిజిస్టరు ఇంకొకటి. పదిహేడు పేజీలకి ఒక్క ఊపున సంతకాలు పెట్టారు, తేదీలు నన్నే చెప్పమన్నారు. రథయాత్ర రోజు సెంటరుకి సెలవు. అయినా ఆ రోజు నేను పాఠం చెప్పినట్టు, ఆవిడ వెనక కూర్చుని విన్నట్టు మీలో ఉంది. జగన్నాథుడే సాక్షి. వెళ్తూ వెళ్తూ "రైటింగ్ బాగుంది. మార్జిన్ ఇంకొంచెం వదులు" అన్నారు. పిల్లల వైపు చూసి "హలో" అన్నారు. పిల్లలు కోరస్‌గా "నమస్కార్" అన్నారు. పరిశీలన సమాప్తం.

ఆ పది నిమిషాల్లో గదిలో ఎవరు ఏం చేస్తున్నారో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. దీదీ ఫోన్లో పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ తెరుచుకోక, సిగ్నల్ కోసం కిటికీ దగ్గర చెయ్యెత్తి నిలబడింది. మేడమ్ సంతకాలు పెడుతోంది. నేను పేజీలు తిప్పుతున్నాను. ముగ్గురం పిల్లల పనిలోనే ఉన్నాం, ముగ్గురి వీపులూ పిల్లల వైపే ఉన్నాయి. పందొమ్మిది మందినీ చూస్తున్నది వంట చేసే సహాయిక ఒక్కతే. అదీ పప్పు కలుపుతూ.

ఇక ముప్ఫై ఒకటో పేజీ.

చైల్డ్ స్టడీ కోసం నేనొక బాబుని ఎంచుకున్నాను, నాలుగేళ్లు. ఎందుకంటే వాడు కదలకుండా కూర్చుంటాడు, రాసుకోవడం సులువు. పన్నెండు రోజులు చూశాను. చూశాను అనే రాశాను మీలో. పిలిస్తే పలకడు. పాటలో చప్పట్లు ఒక దెబ్బ ఆలస్యంగా కొడతాడు, అదీ పక్కవాడి చేతులు చూసి. ‘శ్రద్ధ తక్కువ. సూచనలు పాటించడు. పునర్బలనం అవసరం.’ అని రాశాను. పునర్బలనం, అంటే మెచ్చుకుని మళ్లీ చేయించడం, అనే మాట కుదిరినందుకు ఆ రోజు నాకు భలే తృప్తిగా ఉండింది. కింద మేడమ్ ‘గుడ్’ అని పెట్టారు.

మర్నాడు గుడ్లు వలుస్తూ సహాయిక, తల ఎత్తకుండానే అంది: "ఆడికి ఆ పక్క సెవి ఇనపడదమ్మా. నువ్వెప్పుడూ ఆ పక్కే నిలబడతావు. ఇటేపు కూకోబెట్టు."

"నీకెలా తెలుసు?"

"గుడ్డు పెడితే ఇటు తిరుగుతాడు, పిలిస్తే అటు తిరగడు. తెలీదేటి?"

నా చాప గోడ దగ్గర్నుంచి తీసి ఇవతల వేశాను. వాడి కుడిపక్క కూర్చుని, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. తిరిగాడు. అంతే. పన్నెండు రోజుల నా స్టడీ ఒక చాప జరపడంతో పోయింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ల బండి వచ్చినప్పుడు చెవి చూపించాలని దీదీ క్యాలెండరు మీద రాసుకుంది. వాళ్లమ్మకి చెబితే, "చంటప్పుడు చీము కారేదమ్మా, తగ్గిపోయింది అనుకున్నాం" అంది.

నేను పరుగున మీ దగ్గరికే వచ్చాను, దిద్దుదామని. మీ మొదటి పేజీలో సూచనలు ఉన్నాయి కదా: ‘కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండరాదు. ఒక్కొక్క దానికి అర మార్కు తగ్గించబడును.’ సంతకం అయిపోయిన పేజీ చింపకూడదు కూడా. సీనియర్ అక్కని అడిగితే, "అలాగే వదిలెయ్, వాడేం చదువుతాడా?" అంది. నిజమే, వాడు చదవడు. మీలో రాసింది ఆ పిల్లల్లో ఎవరూ చదవరు, వాళ్ల అమ్మలూ చదవరు. బయటి నుంచి పరీక్ష చెయ్యడానికొచ్చే ఎక్స్‌టర్నల్ గారు కూడా బోర్డరు చూసి తిప్పేస్తారని చెప్పుకుంటారు. పరీక్ష అయ్యాక మీరు కాటా కొట్టుకెళ్తారు, అక్కణ్నుంచి పల్లీల బండికి. ఎవరో మహేంద్రతనయ వంతెన మీద నిలబడి పల్లీలు తింటూ, ‘శ్రద్ధ తక్కువ’ అన్న పొట్లం నలిపి ఏట్లో పడేస్తారు.

వైవా పద్నాలుగో తేదీన. అట్ట కొత్తది వేశాను, లేబుల్ అంటించాను, విషయసూచికలో పేజీ నంబర్లు సరిచూశాను. నాలుగు అరగదీసిన పిక్కలు ఆ పిల్ల నాకిచ్చింది, ఉపకరణాల పేజీలో అంటించమని మా ఫ్రెండ్ సలహా. అంటించను, మేం ఆడుకుంటున్నాం. నాకు ఇంకా అష్టా పడలేదు.

ముప్ఫై ఒకటో పేజీలో మూడు వాక్యాలు కొట్టేశాను. స్కేలు పెట్టలేదు. పక్కన మీరు ఎంతో ప్రేమగా వదిలించుకున్న మార్జిన్ ఉంది కదా, అందులో మామూలు తెలుగులో రాశాను: ‘ఎడమ చెవి వినపడదు. కుడి పక్క కూర్చోవాలి. చూసింది: సహాయిక.’

ఇట్లు,
అర మార్కు తగ్గిన మీ విద్యార్థిని

తా.క. సూపర్‌వైజర్ సంతకం దగ్గర ఖాళీ ఉంటే సహాయిక చేత పెట్టిద్దామనుకున్నాను. "నాకు సంతకం రాదమ్మా, ఏలిముద్ర ఏస్తాను" అంది. చేతికి పసుపు ఉంది. కడుక్కోకుండానే వేసింది.