దిండు కింద చీటీలు

(ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. జూన్ మొదటి వారం, రాత్రి రెండు గంటలు. కాలేజీకి సెలవులు, కాబట్టి దాని ఎదురుగా ఉన్న జెరాక్స్ కొట్టుకూ సెలవులే. కొట్టు నడిపే ఆయన నిద్రకూ సెలవులే. మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఖాతా చూస్తున్నాడు.)

ఆయన: ఏమే, లే! దోచేశారు!

ఆవిడ: ఏటి? ఎవరు?

ఆయన: సైబర్ దొంగలు. ఖాతాలోంచి 20 రూపాయలు లాగేశారు.

ఆవిడ: ఇరవై రూపాయల కోసం రాత్రంతా మేలుకునే దొంగ ఎవరండీ, పాపం!

ఆయన: ముందు చిన్నది లాగి చూస్తారు. అదిగో, దాని కింద 436! సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్నాను. ఒడియాలో ఏడవాలా, తెలుగులో ఏడవాలా?

ఆవిడ: (ఫోన్ లాక్కుని) ఏ భాషలో ఏడ్చినా వాళ్ళు నవ్వుతారు. ఆ 20 ప్రమాద బీమా. 436 జీవనజ్యోతి, అంటే జీవిత బీమా. ఏటా మే నెలాఖరుకి కట్ అవుతాయి. పోయినేడూ ఇదే గోల పెట్టారు.

ఆయన: అంటే... నేను పోతే?

ఆవిడ: ప్రమాదంలో పోతే 20ది రెండు లక్షలు. ఎలా పోయినా 436ది రెండు లక్షలు.

ఆయన: ప్రమాదమైతే రెండూ కలిపి నాలుగు! అందుకేనా నిన్న బాత్రూం గుమ్మంలో సబ్బు?

ఆవిడ: ఆ సబ్బు పడేసింది మీరే. తీయమని మూడుసార్లు చెప్పాను. నాలుగు లక్షలే కావాలంటే చెప్తానా?

(ఆయన కాస్త కుదుటపడ్డాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ప్రేమకు ఇంతకన్నా గట్టి రుజువు దొరకడం కష్టం.)

ఆయన: మిగిలింది 6,140. కరెంటు బిల్లు, పిల్ల ఫీజు, జెరాక్స్ మెషీన్‌కి పోసే ఇంకు పొడి టోనర్...

ఆవిడ: ఈ లెక్క రాత్రి రెండింటికి వేస్తే కొండంత. ఆదివారం ఉప్మా తిన్నాక నోటుపుస్తకంలో వేస్తే పేజీన్నర. డబ్బు మాట ఆదివారమే అని ఒప్పుకున్నారా లేదా?

ఆయన: అప్పటిదాకా భయం ఆగుతుందేటి?

ఆవిడ: ఆగకపోతే చీటీ మీద రాసి దిండు కింద పెట్టండి. పోయిన వారం తొమ్మిది పెట్టారు. తీసి చూస్తే ఏడింట్లో ఒకటే మాట, "టోనర్".

ఆయన: నేను పొదుపు చేయట్లేదా? మొన్న పాతపట్నం వెళ్ళి ఉల్లిపాయలు కిలోకి నాలుగు రూపాయలు తక్కువకి తెచ్చాను.

ఆవిడ: రెండు కిలోలు. మిగిలింది ఎనిమిది రూపాయలు. పెట్రోలు చవకని ఆంధ్రా వాళ్ళు బండ్లేసుకుని మన వైపు వస్తుంటే, మీరు ఆ పెట్రోలు పోసుకుని ఉల్లిపాయలకి అటు వెళ్తారు. పైగా టీ, బజ్జీ. పుస్తకంలో టీ రాశారు, బజ్జీ రాయలేదు.

ఆయన: బజ్జీ సంగతి నీకెవరు చెప్పారు?

ఆవిడ: చొక్కా.

ఆయన: (మాట మార్చి) మార్చిలో ఎంత బాగుందే! పరీక్షలప్పుడు మెషీన్ మీద అట్టు పోయొచ్చు, అంత వేడి.

ఆవిడ: అందుకే మార్చి డబ్బు మార్చిలోనే తినెయ్యకుండా వేరే ఖాతాలో వేశాం. అందులోంచి ఒకటో తారీఖున ఇంటికి 12,000. అది మీ కొట్టు మీకిచ్చే జీతం. జూలైది కూడా ఉంది. మీరు చూస్తున్నది ఖర్చుల ఖాతా.

ఆయన: మరి ఆ ఖాతా నా ఫోన్‌లో కనబడదేం?

ఆవిడ: కనబడకూడదనే.

ఆయన: (మెల్లగా) ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే నీ సుభద్ర పథకం డబ్బులు? రాఖీ పున్నమికి 5,000, మహిళా దినోత్సవానికి 5,000...

ఆవిడ: పోస్టాఫీసులో ఆర్డీ. నెలకి 800. ఐదేళ్ళలో 48,000 కడితే, 6.7 శాతం వడ్డీతో 57,000 దాటుతుంది.

ఆయన: నాతో ఒక్క మాట అనలేదే!

ఆవిడ: అంటే టోనర్ అయిపోయేది.

(ఇక చేసేదిలేక చీటీ రాద్దామని ఆయన బీరువాలో కాగితం వెతికాడు. అరలో పరిచిన పాత పేపరు కింద చెయ్యి పెట్టాడు.)

ఆయన: ఇదేటే, గులాబీ రంగు చీటీ?

ఆవిడ: (దిగ్గున లేచి) అమ్మో! రెండు వేల నోటు! పెట్టి మరిచిపోయాను. 2023లోనే వెనక్కి తీసుకున్నారు కదా! పోయినట్టేనా?

ఆయన: (మొదటిసారి ధీమాగా) పోలేదు. ఇప్పుడు బ్యాంకులో తీసుకోరు. పోస్టాఫీసు నుంచి రిజర్వు బ్యాంకుకి పంపితే నీ ఖాతాలో వేస్తారు. ఆ ఫారాలు జెరాక్స్ తీసిందే నేను.

ఆవిడ: దారిలో పోతే? ఆ ఫారంలో తప్పు రాస్తే? ఏవండీ, ఇంకా ఎక్కడైనా పెట్టానంటారా?

ఆయన: (దుప్పటి కప్పుకుని) ఆదివారం. ఉప్మా తిన్నాక.

(రెండు నిమిషాల్లో గురక. లైటు మాత్రం ఆరలేదు. ట్రంకు పెట్టె మూత కిర్రుమంది.)

ఆవిడ: ఏవండీ... బరంపురం పట్టుచీర మడతల్లో పెట్టానేమోనండీ! ఆ చీర మా చెల్లికిచ్చేశాను!