మధ్యాహ్నం వెళ్తే సగం కూడా చూడలేరు

రామోజీ ఫిల్మ్ సిటీకి భోజనం చేసి తీరిగ్గా బయల్దేరినా సరిపోతుందని వ్యాసంలో రాశారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు దయచేసి ఆ సలహా ఇవ్వకండి. గిన్నిస్ రికార్డు ఉన్న స్టూడియో అది, వెయ్యి ఎకరాలు దాటిన వ్యవహారం. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక గేటు దగ్గర దిగితే అయిపోదు, అక్కడి నుంచి వాళ్ల బస్సులో లోపలికి చాలా దూరమే పోవాలి. ఉదయం గేట్లు తెరిచే వేళకే ఉండండి.

ముందు లోపల తిప్పి చూపించే ఎర్ర బస్సు ఎక్కి సెట్లు చూసేయండి. ఎండ ముదిరితే ఆ తెరిచిన బస్సుల్లో పిల్లలూ పెద్దవాళ్లూ సోలిపోతారు. రైల్వే స్టేషన్ సెట్టు దగ్గర మాత్రం తొందరపడకండి. పట్టాలు, ప్లాట్‌ఫాం, నిలబడ్డ రైలు అన్నీ ఉంటాయి, బోర్డు మీద పేరు మారిస్తే చాలు, ఏ ఊరి స్టేషనైనా అయిపోతుంది! మా అమ్మ అయితే అక్కడి నుంచి కదల్లేదు.

షోల టైములు లోపలికి వెళ్లగానే అడిగి రాసుకోండి. స్టంట్ షో తప్పితే పిల్లల్ని ఓదార్చడం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు సాయంత్రం చల్లబడ్డాక పెట్టుకుంటే హాయి.