రొయ్యల మీద సుంకం అధ్యక్షుడి సొంత హక్కు కాదు

శ్రీకాకుళం జిల్లా రొయ్యల రైతుల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "విదేశీ వ్యవహారాలన్నీ అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికే రాసిచ్చింది. అక్కడి చట్టసభ కాంగ్రెస్‌ది ప్రేక్షక పాత్ర. సుంకం తగ్గించమని ఇంకెవరిని అడిగినా దండగే" అని దాని సారాంశం. రైతును నిస్సహాయుణ్ని చేసే అబద్ధమిది.

ముందు సుంకం సంగతి. సుంకాలు విధించడం, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించడం అనే రెండు అధికారాలూ ఆ రాజ్యాంగంలో మొదటి అధికరణం, ఎనిమిదో సెక్షన్‌లో ఉన్నాయి. అది కాంగ్రెస్ అధికారాల పట్టిక. అధ్యక్షుడి అధికారాలు చెప్పే రెండో అధికరణంలో సుంకం ఊసే లేదు. మరి 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది అధ్యక్షుడే కదా అంటారు. నిజమే. సంతబొమ్మాళి వైపు చెరువు గట్ల మీద వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యలు) ధర అడగడానికే రైతులు భయపడిన రోజులవి. కానీ ఆయన ఆధారం చేసుకున్నది 1977లో కాంగ్రెస్ చేసిన అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని. ఆ చట్టం అంత విస్తృతమైన సుంకాలకు అనుమతి ఇవ్వలేదని అదే నెలలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. సుంకం ఆయన సొంత హక్కే అయితే కాంగ్రెస్ చట్టం చాటుకు వెళ్లవలసిన పనేముంది?

కాంగ్రెస్ ప్రేక్షకురాలన్న మాట మరీ ప్రమాదకరం. భారత రొయ్యల మీద ప్రత్యేక సుంకం వేయాలంటూ 2025లో లూసియానా రాష్ట్ర సెనేటర్ (కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్‌లో సభ్యుడు) బిల్ కాసిడీ బిల్లు పెట్టారు. అక్కడి రొయ్యల వేటగాళ్లు తమ సెనేటర్ తలుపు తట్టారంటే అధికారం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. మనకే తెలియకపోతే ఎలా?

ఇతర దేశాలతో ఒప్పందాలకైతే సెనేట్‌లో హాజరైన వారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అధ్యక్షుడు విల్సన్ స్వయంగా కుదిర్చిన వెర్సాయ్ శాంతి ఒప్పందాన్ని సెనేట్ 1919లోనూ, 1920లోనూ తిరస్కరించింది. నిజానికి చట్టసభ ఆమోదం లేకుండా ఒప్పందం చేసుకోగలిగేది మన కేంద్ర ప్రభుత్వమే. అమలుకు చట్టం అవసరమైతేనే పార్లమెంటుకు వస్తుంది.

యుద్ధం విషయంలో సందేశానికి కొంత బలముంది. ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దే అయినా 1942 తర్వాత దాన్ని వాడలేదు, సైన్యాన్ని అధ్యక్షులే నడిపిస్తున్నారు. కానీ సుంకానికి దాంతో సంబంధం లేదు.

సుంకాల బిల్లులు వెళ్లేది ప్రతినిధుల సభలో వేస్ అండ్ మీన్స్ కమిటీకి, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీకి. మన ఎగుమతిదారులు, ఎంపీలు రైతుల గోడు వినిపించవలసిన చోట్లలో ఆ రెండూ ఉండాలి.