మా పుస్తకాల బీరువా గారికి

మహారాజశ్రీ బీరువా గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అడుగు అరలో చెదపురుగులు కూడా క్షేమమేనని మొన్న సున్నాలు వేయించినప్పుడు కళ్ళారా చూశాను. ఆ రోజే మిమ్మల్ని ఖాళీ చేసి పుస్తకాలన్నీ వరండాలో పరిచాను. ముప్పయ్యేళ్ళ గుట్టు అక్కడ రట్టయింది.

నేను అన్ని రకాలూ చదువుతానని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. తీరా చూస్తే బాగా నలిగిన నాలుగు నవలల్లోనూ ఒకడే మనిషి! గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి, రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య, నవీన్ 'అంపశయ్య'లో రవి. పేరూ చొక్కా మార్చుకుని నలుగురూ మీలో కాపురం పెట్టారు. మథనపడతారు, తీరిగ్గా మళ్ళీ మథనపడతారు. 1969లో వచ్చిన 'అంపశయ్య'లో రవికి ఉస్మానియా క్యాంపస్‌లో ఒక్క రోజు గడవడానికి ఒక నవల పట్టింది. నాకు ఆ వేగం కూడా ఎక్కువై రెండుసార్లు చదివాను. 'చివరకు మిగిలేది' మూడు ప్రతులు తేలాయి. కాలేజీలో కొన్నది, ఉద్యోగంలో చేరాక కొన్నది, అరువిచ్చింది ఇక రాదనుకుని కొన్నది. మూడింట్లోనూ పెన్సిలు గీతలు అవే వాక్యాల కింద!

పుట్టుకతో ఇలా లేను లెండి. ఎనిమిదో తరగతిలో మధుబాబు రాసిన గూఢచారి షాడో నవలలు అద్దెకు తెచ్చి దుప్పట్లో దూరి చదివేవాణ్ణి. షాడో తలుపులు పగలగొడుతుంటే లెక్కల మాస్టారి ముందు నాకు నోరు పెగిలేది కాదు. ఏమీ చేయలేని వయసులో అన్నీ చేసేవాడు నచ్చాడు. చేయాల్సిన వయసు వచ్చేసరికి ఏమీ చేయనివాడు నచ్చాడు. ఈ ఏర్పాటు మీదా, నాదా?

రచయితలను అనడానికి లేదు. 'అసమర్థుడు', 'అల్పజీవి' అని అట్ట మీదే తీర్పు రాసిచ్చారు. బోనులో నిలబెట్టిన మనిషిని ఇంటికి తెచ్చి పడక్కుర్చీలో కూర్చోబెట్టింది నేనే.

ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి కనక యాత్రల పుస్తకాల మీద పడ్డాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలకు పైగా తిరిగిన కథ పడుకుని చదువుతున్నాను. ఉత్సాహం పట్టలేక మా ఆవిడకు వినిపించాను. "రైళ్ళు లేని రోజుల్లో ఆయన దాదాపు వందమందిని తీసుకెళ్ళాడు. పదేళ్ళుగా అడుగుతున్నాను, మీరు నన్నొక్కదాన్ని తీసుకెళ్ళలేరా?" అంది.

టికెట్లు తనే తీసింది. పెట్టె తనే సర్దింది. రాత్రికే బండి. దారిలో చదవడానికి ఏది తీసుకెళ్ళాలా అని గంట నుంచి మీ ముందు నిలబడి ఉన్నాను. ఒకసారి దయానిధి మీద చెయ్యి పడుతోంది, ఒకసారి సుబ్బయ్య మీద. ఆటో వచ్చేసిందని కింద నుంచి కేక.

ఇట్లు,
మీ తలుపు పట్టుకుని నిలబడ్డ
విధేయుడు