సవరణ: జీఎన్ఎం కోర్సు గురించి

ఇంటర్ తర్వాత నర్సింగ్ కోర్సుల గురించి పోయిన వారం రాసినప్పుడు, జీఎన్ఎంకి (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే నర్సింగ్ డిప్లొమాకి) బైపీసీ తప్పనిసరి అనీ, కోర్సు మూడున్నరేళ్లు అనీ చెప్పాను. రెండూ తప్పే.

మూడున్నరేళ్లన్నది పాత లెక్క. 2015లో సిలబస్ మారాక, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి జీఎన్ఎం మూడేళ్లే. నేను మా అక్క చదివిన రోజుల లెక్కే చెప్పేశాను!

ఇక బైపీసీ సంగతి. ఆ నిబంధన బీఎస్సీ నర్సింగ్‌కి. జీఎన్ఎంకి ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా సరిపోతుంది, ఇంగ్లీష్ ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, మొత్తం మీద కనీసం 40 శాతం మార్కులు రావాలి. సైన్స్ చదివినవారికి ప్రాధాన్యం ఉంటుంది కానీ, ఆర్ట్స్ వాళ్లకి తలుపులు మూసేయలేదు. నా పోస్టు చూసి "మా అమ్మాయిది సీఈసీ అండీ, ఇక వదిలేశాం" అని ఒకావిడ మెసేజ్ పెట్టారు. అమ్మా, వదిలేయకండి, ఈసారి నోటిఫికేషన్ రాగానే వయసు నిబంధన కూడా చూసి అప్లై చేయించండి.

జీఎన్ఎం పూర్తయ్యాక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ (జీఎన్ఎం చదివినవారి కోసం ఉన్న డిగ్రీ) చేయొచ్చని రాసిన మాట మాత్రం సరైనదే.